మేస్త్రివాక్యమునకు టీకా తాత్పర్యములు

మూలము: “ఒరేయ్, ఆ గోడకి పోటెట్రా!”

ప్రతిపదార్థము: ఒరేయ్ = ఓ కూలీశ్రేష్ఠుడా; ఆ గోడకి = ఇంటాయన బేరమాడి కట్టించిన, ఇప్పుడు వాలుచున్న గోడకు; పోటు = ఆసరా కర్రను; ఎట్రా = పెట్టుము.

టీక: “పెట్టు”లోని పకారమేమాయెనని వైయాకరణులు అడుగుదురు. గోడ పడబోవువేళ పకారము పలుకు తీరిక మేస్త్రికి లేదు. పోటు అనేకార్థము: కత్తిపోటు, తలపోటు, తిరుమలలో లడ్డూలు చేయు వంటశాల, ఆటుపోట్లలోని పోటు. తలపోటు ఇంటాయనకు అన్వయించును గాని గోడకు కాదు. కత్తిపోటు అసలే పొసగదు, కర్రను తప్పుగా పెట్టిననాడు తప్ప. కొన తిన్నగా ఇటుకకు ఆనినచో గోడను పొడుచును. కనుక నడుమ నిలువుపలక వేయవలెను. మొదలు నేలలో దిగబడకుండ అడుగున మరియొక పలక. వాలు నేలతో 45 నుండి 75 డిగ్రీలు. చెక్కముక్కలను మెల్లగా తట్టి బిగించవలెను. శౌర్యము చూపినచో ఇటు పడవలసిన గోడ అటు పడును.

సముద్రపు పోటు మాటేమి? నీటనున్న ఓడను నీరే నిలుపును. డ్రైడాక్‌లో నీరు తోడగానే దానికిని అడుగున దిమ్మెలు, ప్రక్కల కర్రలు కావలెను. 1948 మార్చి 14న విశాఖలో నెహ్రూగారు ‘జల ఉష’ అను ఓడను నీట విడిచిరి. కట్టిన ఓడ నీట దిగువేళ ఆ పోట్లను కొట్టి తీయువారు వేరే ఉందురు. వారి పేర్లు ఏ శిలాఫలకము మీదనైనను చూచితిరా?

తాత్పర్యము: పడకుండ పట్టుకొనుము. ఎన్నాళ్లు? స్లాబు క్రింది సర్వి బాదులకు ఐఎస్ 456 నియమము కలదు: స్పాను 4.5 మీటర్ల లోపు 7 రోజులు, మించిన 14. ఆరు మీటర్లు మించిన దూలమునకు 21. సెంట్రింగు అద్దె లెక్కించు ఇంటాయనకు మాత్రము మూడవనాడే స్లాబు వజ్రమువలె కనబడును.

గోడపోటు కథ ఇందుకు విరుద్ధము. టీకాకర్త ప్రహరీకి “వారంరోజులకని” పెట్టినది మూడేండ్లయినది. మొదట తువ్వాలు ఆరవేసితిమి. పిమ్మట చిక్కుడు ప్రాకినది. ఇప్పుడు తీయుదమన్న ఇల్లాలు కాయలు కానిమ్మనును.

పాఠాంతరము: కొన్ని ప్రతులలో “ఆ ఇంటాయనకి పోటెట్రా” అని కలదు. కూలి అందని శనివారములందు ఈ పాఠము వినబడును. ఇందు కత్తిపోటు చక్కగా అన్వయించును.