నాలుక కింద సర్కారు

అమెరికాలో నల్లమందు జాతి మాత్రలకు అలవాటు పడటం ఒకప్పుడు చాలా సులువు. 1996లో పర్డ్యూ ఫార్మా వారు ఆక్సికాంటిన్ అనే నొప్పి మాత్రను బజారులోకి దించారు. నడుం పట్టేసిందంటే రాశారు, మోకాలు సలుపుతోందంటే రాశారు. రాసే డాక్టరు ప్రత్యేకంగా పాఠాలేమీ వినక్కర్లేదు, ఇంతమందికే రాయాలన్న లెక్కా లేదు. మాత్రల గురించి జనాన్ని తప్పుదోవ పట్టించామని కంపెనీ వారు 2007లో కోర్టులో ఒప్పుకున్నారు. చేసిన నేరాలను 2020లో మళ్ళీ ఒప్పుకున్నారు. ఒప్పుకోవడంలో వాళ్ళకి మొహమాటం లేదు.

మానడం మాత్రం వేరే శాఖ. అక్కడ ఫారాలుంటాయి, పరిమితులుంటాయి, గడువులుంటాయి.

ఆ శాఖ వారి మందు పేరు బ్యూప్రెనార్ఫిన్. నాలుక కింద పెట్టుకుంటే కరిగిపోయే పలుచని ఫిల్మ్. మత్తు కోసం ఒళ్ళు పీకేయడం తగ్గుతుంది. ఒక మోతాదు దాటాక ఎంత వేసుకున్నా కిక్కు పెరగదు కాబట్టి ఊపిరి ఆగిపోయే భయమూ తక్కువ. క్రమం తప్పకుండా వాడేవాళ్ళలో చావు ముప్పు దాదాపు సగానికి పడిపోతుంది. ఇంత మంచి మందును 2002లో అనుమతించారు, అదీ ముళ్ళకంచె మధ్యలోనే. రాయాలంటే డాక్టరు 8 గంటల శిక్షణ పొందాలి, ఎక్స్ అక్షరంతో మొదలయ్యే ప్రత్యేక నంబరు తెచ్చుకోవాలి. తెచ్చుకున్నా మొదట్లో 30 మంది రోగులకు మించి రాయకూడదు. 31వ వాడొచ్చి కాళ్ళావేళ్ళా పడితే? పాపం, డాక్టరు చేతులు కట్టేసి ఉన్నాయి. అదే మనిషి నడుం నొప్పి అని వస్తే ఆ చేతులకు కట్లే లేవు. ఈ ఎక్స్ నంబరు ముచ్చట 2022 డిసెంబరు దాకా సాగింది. అప్పటికి ఆ దేశంలో మత్తుమందులు మోతాదు మించి ఏడాదికి లక్షమందికి పైగా పోతున్నారు.

ఇక ఈ మందును ఫోన్ మీద రాయించుకునే సంగతి. శాన్ డియేగో ప్రాంతంలో రయాన్ హైట్ అనే 18 ఏళ్ళ కుర్రాడు ఇంటర్నెట్‌లో నొప్పి మాత్రలు తెప్పించుకుని, వేసుకుని, 2001లో చనిపోయాడు. వాటిని రాసిన డాక్టరు అతని ముఖం కూడా చూడలేదు. ఆ కడుపుకోతలోంచి 2008లో అతని పేరుమీదే చట్టం పుట్టింది. ఇలాంటి మందులు నెట్లో రాయాలంటే డాక్టరు ఒక్కసారైనా రోగిని ఎదురుగా చూసి ఉండాలని దాని సారాంశం. తప్పు పట్టడానికేమీ లేదు. తమాషా అల్లా ఏమిటంటే, ఏ మాత్రలు అతన్ని చంపాయో వాటి వ్యసనం నుంచి బయటపడేసే మందు కూడా అదే చట్టానికి చిక్కింది.

చట్టం రాసినవాళ్ళు మరీ అమాయకులు కారు. నిజాయితీపరులైన డాక్టర్లు దూరం నుంచి మందు రాసుకునేలా ప్రత్యేక రిజిస్ట్రేషన్ పెట్టమని అందులోనే ఒక దారి ఉంచారు. ఆ పని డీఈఏ అనే మాదకద్రవ్యాల నిఘా సంస్థకు అప్పజెప్పారు. పదేళ్ళు గడిచాయి. 2018లో అమెరికా కాంగ్రెస్ కళ్ళెర్రజేసి, ఏడాదిలోగా నియమాలు తెమ్మని ఇంకో చట్టం చేసింది. ఏడాది గడిచింది. ఆ తర్వాత ఇంకో అయిదేళ్ళు గడిచాయి. చివరికి 2025 జనవరిలో ముసాయిదా బయటికొచ్చింది. ముసాయిదా మాత్రమే సుమండీ.

ఇదే సంస్థ దృష్టిలో వ్యసనపరుడు బాధ్యత లేనివాడు, మాట మీద నిలబడనివాడు, అందుకే వాడిమీద ఓ కన్నేసి ఉంచాలి. వాడు రెండు అపాయింట్‌మెంట్లు తప్పితే పేరు కొట్టేసే క్లినిక్కులున్నాయి. పదహారేళ్ళు అపాయింట్‌మెంట్ తప్పిన సంస్థ పేరు కొట్టేసేవాడెవడు?

2020 మార్చిలో కరోనా వచ్చి పడటంతో, చట్టాలకు చేతకానిది వైరస్ చేసి పెట్టింది. వీడియోలో చూసి రాయొచ్చన్నారు, వీడియో లేకపోతే ఉత్త ఫోన్ మీదైనా సరేనన్నారు.

వెస్ట్ వర్జీనియా కొండల్లో ఒక లారీ డ్రైవరు ఉన్నాడనుకోండి. ఇంట్లో సిగ్నల్ అందదు. సూపర్‌మార్కెట్ పార్కింగులో బండి ఆపి, ఫోన్‌ను స్టీరింగుకి ఆనించి కూర్చున్నాడు. చివరి నొప్పి మాత్ర వేసుకుని ఒక రోజు దాటింది. ఫోన్లోని డాక్టరమ్మ, మాత్ర మానిన బాధ ఎంతుందో చూసి అతనికి పదకొండు అంశాల్లో మార్కులు వేయాలి. నాడి, చెమట, కంటిపాప, ఆవలింతలు, కారే ముక్కు, కడుపులో తిప్పడం, నిలవని కాళ్ళు, నిక్కబొడుచుకున్న రోమాలు, అలా. చాలినన్ని మార్కులు రాకముందే మందు పెట్టుకుంటే, ఉన్న బాధ ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. బాగా బాధపడితేనే పాసయ్యే పరీక్ష బహుశా ఇదొక్కటే.

“ఫోన్ కొంచెం వెలుతురు వైపు తిప్పండి, కళ్ళు కనబడాలి,” అంటుంది డాక్టరమ్మ. తిప్పుతాడు. “చెయ్యి దగ్గరగా పెట్టండి.” పెడతాడు. పక్క కారులో కూర్చున్నావిడ ఇతని వాలకం చూసి అద్దం ఎక్కించుకుంటుంది. గుర్తింపు కార్డు కెమెరాకి చూపించాలి. వచ్చే వారం నోరు తెరిచి, నాలుక ఎత్తి, ఫిల్మ్ కరిగిందని చూపించాల్సి రావచ్చు. కొన్నిచోట్ల మూత్రపరీక్ష కప్పు కూడా కెమెరా ముందుకు రావాల్సిందే. మొదట్లో నొప్పి మాత్రలు రాసిన రోజున ఇతన్ని ఇందులో నాలుగో వంతు శ్రద్ధగా చూసుంటే, ఈ పార్కింగు అవసరం పడేదే కాదు.

సరే, డాక్టరమ్మ రాసింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా. మందుల షాపు కౌంటరులో అసలు ఇంటర్వ్యూ మొదలవుతుంది. మీ డాక్టరు ఏ ఊరు? మూడు వందల మైళ్ళా? అంత దూరపు డాక్టరెందుకు? దగ్గర్లో ఎవరూ లేకనే ఫోన్ చేశానని ఇతను అంటే, ఆ దూరమే అనుమానానికి ఆధారం అంటారు వాళ్ళు. కౌంటరు వెనక తెల్లకోటులో ఉన్నది మన గుంటూరు కుర్రాడే కావచ్చు, వాడి లైసెన్సు భయం వాడిది. పైనుంచి సరుకు కూడా రావాలి. నొప్పి మాత్రలను ఊళ్ళమీద కుమ్మరించిన మూడు పెద్ద హోల్‌సేల్ కంపెనీలు 2,100 కోట్ల డాలర్లకు రాజీపడి, ఇకపై అనుమానాస్పద ఆర్డర్లు ఆపుతామని మాటిచ్చాయి. వాళ్ళ కంప్యూటరుకి రోగం తెచ్చిన మాత్రా, నయం చేసే ఫిల్మూ రెండూ ఓపియాయిడ్లే, అంటే నల్లమందు జాతే.

ఫోన్ మీద రాసినందుకు కొంపలేమైనా మునిగాయా? అధిక మోతాదు చావుల్లో బ్యూప్రెనార్ఫిన్ వాటా పెరగలేదని 2023 జనవరిలో అమెరికా ప్రభుత్వ పరిశోధకులే లెక్క తేల్చారు. ఆ మరుసటి నెలలోనే డీఈఏ వారు, 30 రోజులకు మించి మందు కావాలంటే డాక్టరుకి ఎదురుగా ముఖం చూపించాల్సిందేనని ప్రతిపాదించారు. 38 వేల పైచిలుకు అభిప్రాయాలు వచ్చి పడ్డాయి. దాంతో కరోనా నాటి సడలింపును 2023 నవంబరు దాకా, తర్వాత 2024 చివరిదాకా, ఆపైన 2025 చివరిదాకా పొడిగించుకుంటూ పోయారు. 2025 జనవరిలో మాత్రం ఈ మందుకు విడిగా నియమం తెచ్చారు. ఫోన్ మీద ఆరు నెలల మందు రాయొచ్చు. మంచిదే. అయితే ఫిబ్రవరిలో అమలు కావాల్సిన నియమం మార్చికి జరిగింది, మార్చి నుంచి డిసెంబరు 31కి జరిగింది. మందు ఒక్కరోజు తప్పినా ఒళ్ళు గుల్లవుతుంది. నియమానికి ఆ బాధ లేదు.

ఫోన్లో వైద్యం చేసే టెలీహెల్త్ కంపెనీలన్నీ ధర్మసత్రాలని నేననడం లేదు. ఫోన్లో ఏకాగ్రత మాత్రలు అడ్డగోలుగా రాయించిందన్న ఆరోపణ మీద ఒక కంపెనీ అధినేత్రిని 2024 జూన్‌లో అరెస్టు చేశారు. చేయాల్సిందే. కాకపోతే డబ్బాశతో రాసే కంపెనీని పట్టుకోవడానికి పోలీసులున్నారు, దానికోసం పార్కింగులో వణుకుతున్నవాణ్ణి పట్టుకోవక్కర్లేదు.

ఇదంతా చదివి అమెరికావాడి తెలివికి నవ్వుకునేవారికి ఒక్క విషయం. వాళ్ళు ఫోన్‌కి తలుపు తెరిచిన 2020 మార్చి నెలలోనే, 25వ తేదీన మన టెలీమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. మాదకద్రవ్యాలను అదుపు చేసే ఎన్‌డీపీఎస్ చట్టం జాబితాలోని మందులేవీ టెలీ కన్సల్టేషన్‌లో రాయకూడదని అందులో ఉంది. బ్యూప్రెనార్ఫిన్ ఆ జాబితాలోదే. మన కేంద్ర ప్రభుత్వం మత్తు విముక్తి కోసం నడిపే టోల్ ఫ్రీ నంబరు 14446. మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ అవసరం ఉంటే చేయండి, సలహా చెబుతారు, వెళ్ళాల్సిన చోటు చెబుతారు. మందు మాత్రం ఫోన్లో రాయరు.