బొమ్మ అచ్చిందా?

సిద్దిపేటలో ఒక ఇంటివాళ్ల పరిస్థితి ఎట్లుందో తెలుసుకోవాలంటే ఒకప్పుడు లోపలికి పోయి మంచినీళ్లు తాగాల్సిన పని ఉండేది కాదు. గల్లీలో నిలబడి తలెత్తితే చాలు. గూన పెంకుల మీద బొంగుకు కట్టిన యాంటెనా ఉంటే నెల జీతం మీద బతికే ఇల్లు. ఇనుప పైపు, దాన్ని నాలుగు దిక్కులా లాగి కట్టిన తీగలు ఉంటే వ్యాపారం ఉన్న ఇల్లు. పైపు మీద పైపు వెల్డింగు చేయించి, పైన బూస్టర్ డబ్బా కూడా బిగించి ఉంటే ఆ ఇంటికి పిల్లనియ్యడానికి ఇంక విచారణ అక్కర్లేదు. మా వాడకట్టులో ఒకాయన టీవీ కొనకముందే యాంటెనా నిలబెట్టాడని చెప్పుకునేవాళ్లు. పావురాలు వాలడానికి పెట్టానని ఆయన అన్నాడట. పావురాలు కూడా నమ్మలేదు.

అంత ఎత్తు ఎందుకంటే బొమ్మ హైదరాబాద్ నుంచి రావాలి కాబట్టి. అక్కడ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. టవరు మీది నుంచి బయలుదేరిన తరంగం శామీర్‌పేట, ప్రజ్ఞాపూర్‌ల మీదుగా రోడ్డు పట్టుకుని రాదు. తిన్నగా పోతుంది. భూమి తిన్నగా ఉండదు, వంగుతుంది. రోడ్డు మీద 100 కిలోమీటర్లు, గీత గీసి కొలిస్తే 90కి కాస్త తక్కువ. మధ్యలో బండరాళ్ల గుట్టలు. మన దాకా వచ్చేసరికి ఆ తరంగంలో చాలా మటుకు మన నెత్తి మీది నుంచే వెళ్లిపోతుంది. దాన్ని అందుకోవడానికి మనం పెంకుల మీదికి, పెంకుల మీది నుంచి పైపు మీదికి ఎగబాకాలి.

“ఉత్తగనే అస్తది గదా” అనేవాళ్లు టీవీ గురించి. అదీ పూర్తి నిజం కాదు. 1985 దాకా రేడియోకూ టీవీకీ లైసెన్సు ఉండేది, పోస్టాఫీసులో డబ్బు కట్టాలి. అది ఎత్తేశాక గాలి ఉత్తదైంది. మిగిలినవన్నీ మన లెక్కలోవే: పైపు, తీగ, బూస్టర్, కాలు పడ్డచోటల్లా పగిలిన పెంకులు, వాటి కింద వానాకాలం పెట్టిన గిన్నెలు.

బాపు కొన్నది ఈసీ టీవీ. హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్లది, అంటే అణుశక్తి శాఖ కింద పనిచేసే ప్రభుత్వ సంస్థది. ఆయనకు అదొక గొప్ప. “అణుశక్తోల్ల టీవీ రా ఇది” అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. దాంతో మా ఇంట్లో ఒక సిద్ధాంతం స్థిరపడింది. బొమ్మ రాకపోతే తప్పు టీవీది కానే కాదు. యాంటెనాది కావాలి, లేకుంటే యాంటెనా దగ్గర నిలబడ్డవాడిది కావాలి. నిలబడ్డవాణ్ని నేను.

ఈ యాంటెనాను 1926లో జపాన్‌లో కనిపెట్టారు. తొహోకు విశ్వవిద్యాలయంలో షింతారో ఉదా, హిదెత్సుగు యాగీ అనే ఇద్దరు. కష్టం ఎక్కువగా ఉదాది, పేరు ఎక్కువగా యాగీది. అది అన్ని ఊళ్లలోనూ జరిగేదే. ఒక పొడుగు గొట్టానికి అడ్డంగా అల్యూమినియం పుల్లలు ఉంటాయి. అన్నిటికన్నా వెనక ఉన్న పొడుగు పుల్ల తరంగాన్ని ముందుకు తోస్తుంది. దాని ముందున్న మడత పుల్ల ఒక్కదానికే తీగ ఉంటుంది, సిగ్నల్ అందుకునేది అదొక్కటే. దాని ముందు వరసగా పొట్టి పుల్లలు. వాటికి తీగ ఉండదు, వేరే బాధ్యతా ఉండదు, దారి మాత్రం చూపిస్తుంటాయి. ఇంజనీర్లు వాటికి పెట్టిన పేరు డైరెక్టర్లు. మా ఇల్లు కూడా అచ్చం ఇదే లెక్కన నడిచేది: పని చేసేది ఒక్కడు, మిగతావాళ్లంతా డైరెక్టర్లు.

టీవీ ముందు బాపు. వాకిట్లో అమ్మ. పెంకుల మీద నేను. బాపు మాట నాకు వినపడదు, నా మాట బాపుకు వినపడదు. మధ్యలో అమ్మ రిలే కేంద్రం.

“బొమ్మ అచ్చిందా?” అని నేను.

“అచ్చిందా అంటుండు” అని అమ్మ లోపలికి.

“అచ్చింది, ఆగుమను!” అని బాపు.

“ఆగుమంటుండు బిడ్డా!” అని అమ్మ పైకి.

ఆ ‘ఆగు’ నా దగ్గరికి వచ్చేసరికి పైపు ఇంకో బెత్తెడు తిరిగిపోయేది.

“పోయింది! ఎనుకకు తిప్పుమను!”

“ఎవల ఎనుకకు?”

“నీ ఎనుకకు గాదురా, దాని ఎనుకకు!”

ఎడమ, కుడి అని చెప్పుకుంటే ఇంకా ఘోరం. బాపు టీవీకి ఎదురుగా ఉంటాడు, నేను హైదరాబాద్‌కు ఎదురుగా ఉంటాను, అమ్మ పొయ్యి మీది పాలకు ఎదురుగా ఉంటుంది. ముగ్గురివీ మూడు ఎడమ చేతులు. చివరికి ఊరి గుర్తులతో ఒక ఒప్పందానికి వచ్చాం. “జర బస్టాండు దిక్కు.” “గంత వద్దు. మల్ల కోమటి చెరువు దిక్కు.” “ఇంక జర... గట్లనే... గట్లనే... కదలకు!” ఈ కేకలు విని గల్లీలో మిగతా ఇళ్ల వాళ్లు కూడా తమ పైపులు అటే తిప్పుకునేవాళ్లు. మా బాపు ఒకసారి అరిస్తే ఏడెనిమిది ఇళ్లకు సిగ్నల్ వచ్చేది. రుసుం ఏమీ తీసుకోలేదు పాపం.

బాపమ్మకు ఇందులో ఇంకో పంచాయితీ. హైదరాబాద్ మాకు దక్షిణం, కొంచెం నైరుతికి మొగ్గి ఉంటుంది. “ఇంటి మీద నిలవెట్టిన వస్తువు పొద్దుగాల లేస్తే యముని దిక్కు సూస్తదారా?” అని ఆమె అభ్యంతరం. “యముడు గాదే అవ్వా, దూరదర్శన్” అని బాపు ఎంత చెప్పినా వినలేదు. సాయంత్రం పూట వరి తెగుళ్ల మీద వచ్చే కార్యక్రమం రెండు మూడు రోజులు చూశాక మాత్రం రెండిటికీ పెద్ద తేడా లేదని తేల్చింది.

అసలు చిక్కు బొమ్మ కుదిరాక మొదలయ్యేది. నేను పైపు పట్టుకుని ఉన్నంతసేపు శాంతిస్వరూప్ గారు స్పష్టంగా కనిపించేవారు. చెయ్యి తియ్యగానే ఉప్పు చల్లినట్టు చుక్కలు. ఇందులో దయ్యమేమీ లేదు. మనిషి ఒంటి నిండా ఉప్పునీరే, దాంట్లోంచి కరెంటు పారుతుంది. యాంటెనా పక్కన నిలబడితే మనం కూడా ఒక పుల్ల కింద లెక్క. కుదిరిందని బాపు అరిచిన బొమ్మ నన్ను కలుపుకుని కుదిరిన బొమ్మ. నేను దిగిపోతే ఒక పుల్ల తగ్గినట్టే.

“దిగాల్నా?”

“దిగితే సంపుత. వార్తలు అయిపోనియ్యి.”

తెలుగులో తొలి టీవీ వార్తలు 1983 నవంబరు 14న చదివింది శాంతిస్వరూప్ గారే. ఎదురుగా అక్షరాలు చూపించే యంత్రం లేని రోజుల్లో వార్తలన్నీ నోటికి పట్టి, కెమెరా వైపు చూస్తూ అప్పజెప్పేవారు. ఆయన 2024లో పోయారని తెలిసినప్పుడు టీవీల్లో అందరూ ఆయన రూపం గురించి, నిలకడ గురించి చెప్పారు. నాకు మాత్రం ముందు గొంతే గుర్తొచ్చింది. ఆ రోజుల్లో టీవీ బొమ్మ ఒక పద్ధతిలో, శబ్దం ఇంకో పద్ధతిలో వచ్చేవి. శబ్దం ఎఫ్‌ఎం కాబట్టి గట్టిది, బొమ్మ మంచులో కూరుకుపోయినా మాట మాత్రం గంట కొట్టినట్టు వినపడేది. పెంకుల సందుల్లోంచి నాకు చేరిందంతా ఆ మాటే.

1987 జనవరిలో రామాయణం మొదలైంది. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు. అప్పటికి నాకు పైనుంచి పదోన్నతి దొరికి, డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్న మా చిన్నాయిన పైపు దగ్గరికి వచ్చాడు. ఇంట్లో వాడకట్టంతా కూర్చునేది. టీవీకి బొట్టు, ముందర అగరొత్తి, కొందరు చెప్పులు గల్లీ మొగదాల్నే విడిచి వచ్చేవాళ్లు. 1988 జులై దాకా మా చిన్నాయిన రామాయణం మొత్తం విన్నాడు. చూడలేదు. రాముడి వేషం వేసిన అరుణ్ గోవిల్ ఎట్లుంటాడో ఆయనకు క్యాలెండర్ల వల్ల తెలిసింది. హిందీ మాత్రం బాగా వచ్చింది, తర్వాత బ్యాంకు ఇంటర్వ్యూలో అక్కరకొచ్చింది కూడా. సీతమ్మవారి దయ అని బాపమ్మ అనేది. పైపు దయ అని ఆయన అనేవాడు.

ఇక కోతులు. సిద్దిపేట కోతుల గురించి తెలియనివాళ్లకు చెప్పేది ఏమిటంటే, అవి ఊళ్లోకి వస్తాయని అనుకోవద్దు, ఊళ్లో అవి ఉంటాయి, మనం వస్తుంటాం. యాంటెనా వాటికి ఊయల. ఒకటి ఎక్కితే పుల్లలు వంగుతాయి, రెండు ఎక్కితే హైదరాబాద్ దిక్కు మారిపోయి యాంటెనా కరీంనగర్‌కు మొక్కుతుంది. ఒక ఆదివారం లోపల హనుమంతుడు సముద్రం మీద ఎగురుతున్నాడు, సరిగ్గా అప్పుడే ఆయన బలగం మా పైపు మీదికి దిగింది. హనుమంతుడు గీతలు గీతలుగా చీలిపోయాడు. చిన్నాయిన కట్టె ఎత్తాడు. వాకిట్లోంచి బాపమ్మ ఒక్క అరుపు అరిచింది: “ఇయ్యాల కొట్టకురా, పాపం తగుల్తది!” ఆ పూట లంక చేరింది ఎవరో మాకు తెలియదు. పక్కింటివాళ్లు చెబితే నమ్మాం.

1995 ఆగస్టులో ఈటీవీ వచ్చింది, అదే కాలంలో జెమినీ, వాటి వెంట కేబుల్ తీగ. నెలనెలా డబ్బులడిగే మనిషి గల్లీలోకి రావడం మొదలయ్యాక పైపు దగ్గర మనిషి అవసరం తీరిపోయింది. యాంటెనాలను ఎవ్వరూ దించలేదు, వాటంతట అవే ఒక్కో పుల్ల రాల్చుకున్నాయి. మా పైపు ఇప్పుడు వాకిట్లో కాకరపాదును మోస్తోంది. దూరదర్శన్ వాళ్లు కూడా పాత ట్రాన్స్‌మిటర్లను ఒక్కొక్కటిగా ఆపుతూ పోయారు. 2022 మార్చికల్లా కీలకమైన చోట్ల ఓ 50 మిగిల్చి తక్కినవన్నీ తీసేస్తామని ప్రకటించారు. గాలిలో డిజిటల్ టీవీ అని 2016లో 16 నగరాల్లో మొదలుపెట్టిన జాబితాలో హైదరాబాదే లేదు, మనమెక్కడ.

ఉత్త టీవీ మాత్రం చావలేదు, ఆకాశంలోకి ఎక్కింది. నిజానికి మన దిక్కు ఆకాశంలోంచే మొదలైంది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అడిగి తెచ్చుకుని మన ఇస్రో 6 రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించింది. అందులో అప్పటి మన రాష్ట్రమూ ఉంది. పైన అంత ఖరీదైన ఉపగ్రహం, కింద ఊళ్లో దాన్ని అందుకునే పది అడుగుల గొడుగు కోళ్లదొడ్డికి కొట్టే ఇనుప జాలీతో చేసింది. మన దేశపు అంతరిక్ష విజ్ఞానం మీద నాకు గౌరవం కలిగించిన వస్తువు రాకెట్ కాదు, ఆ జాలీ.

ఇప్పటి గొడుగు డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో వేరే పేరుతో మొదలైంది, ఇప్పుడు 4 కోట్లకు పైగా ఇళ్ల మీద ఉందని అంచనా. పెట్టె, గొడుగు కొనుక్కుంటే నెల బిల్లు లేదు. కేబుల్ బిల్లు మీద అలిగి పోయినేడు మేమూ పెట్టించాం. జీశాట్-15 అనే ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద కదలకుండా ఉంటుంది. సిద్దిపేట నుంచి చూస్తే ఆగ్నేయం దిక్కున, ఆకాశంలో మూడింట రెండు వంతుల ఎత్తున. వంటింటి దిక్కు కాబట్టి బాపమ్మ ఉంటే ఒప్పుకునేదే. బిగించడానికి వచ్చిన పిలగాడి చేతిలో అరచేతిలో పట్టే పెట్టె ఒకటి ఉంది. గొడుగు సరైన దిక్కుకు వచ్చేసరికి అది కీచుమంది, పిలగాడు నట్టు బిగించి డబ్బులు తీసుకుని పోయాడు. ఇంట్లో ఎవ్వరూ అరవలేదు. ఇదేం పెట్టడం? దూరదర్శన్ యాదగిరి చక్కగా వస్తోంది. తక్కినవి ఎక్కువగా హిందీ, భోజ్‌పురి. మా చిన్నాయిన ఇప్పుడు భోజ్‌పురి నేర్చుకుంటున్నాడు. ఈసారి కూర్చుని.

ఈ గొడవంతా సమసిపోయిందనుకుంటుంటే మొన్న ఒక సాయంత్రం మా మేనల్లుడు టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి వాట్సాప్‌లో వీడియో కాల్ చేశాడు. నెత్తి మీద టోపీ, చేతిలో స్క్రూడ్రైవర్, వెనక నిచ్చెన.

“మామా, అంటెన పెడుతున్న. జర చెప్పు.”

అమెరికాలో 2009 జూన్‌లో పెద్ద స్టేషన్లన్నీ డిజిటల్‌కు మారాయి. పెద్ద చానెళ్లు గాలిలో ఉత్తగా, తళతళలాడుతూ వస్తాయి. నెలనెలా బిల్లు కట్టలేక అక్కడి జనం మళ్లీ యాంటెనాలు కొంటున్నారు, మనవాడూ కొన్నాడు. ముందు కిటికీ అద్దానికి అంటించే రేకు తెచ్చాడు. ఎండ లోపలికి రాకుండా ఆ అద్దాలకు కంటికి కనపడని లోహపు పూత ఉంటుంది. ఎండతో పాటు బొమ్మ కూడా బయటే ఆగింది. అటక మీద పెట్టాడు. అక్కడ వేడి ఆపడానికి పైకప్పు లోపల వెండి రంగు రేకు. చివరికి బయట గోడకు పెడదామంటే, కాలనీ సంఘం వాళ్లు పచ్చిక ఒక అంగుళం పెరిగినా ఉత్తరం రాసేవాళ్లాయె. కానీ ఈ ఒక్క విషయంలో వాళ్ల నోరు మూతబడింది. ఎవరి ఇంటికి వాళ్లు టీవీ యాంటెనా పెట్టుకుంటే కాలనీలు అడ్డుపడకూడదని 1996 నుంచి అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నియమం ఉంది. అమెరికా రాజ్యాంగంలో నాకు నచ్చిన సంగతి ఏదని అడిగితే నేను దీన్నే చెబుతాను, రాజ్యాంగంలో లేకపోయినా.

“టవర్లు ఎటున్నయి అల్లుడా?”

“సీడర్ హిల్ల ఉంటయట మామా. దక్షిణం. జర నైరుతికి.”

బాపమ్మ గుర్తొచ్చి నవ్వాను గానీ పైకి అనలేదు. తిప్పుమన్నాను. వాడు గోడ దగ్గర, వాడి భార్య హాల్లో టీవీ దగ్గర, మధ్యలో ఆరు నెలల వీసా మీద పోయిన మా అక్క, ఫోన్‌లో నేను. డిజిటల్ బొమ్మకు చుక్కలుండవు, గీతలుండవు. వస్తే మొత్తం వస్తుంది, లేకుంటే మనుషులు నోరు తెరిచి అట్లాగే బిగుసుకుపోతారు. “అచ్చింది, ఆగుమను!” అని వాడి భార్య, “ఆగుమంటుంది బిడ్డా!” అని మా అక్క, “ఆగు, ఆగు!” అని సిద్దిపేట నుంచి నేను. నా మాట రెండు సముద్రాలు దాటి పోయేసరికి వాడు ఇంకో బెత్తెడు తిప్పేశాడు.

చివరికి కుదిరింది. చెయ్యి తీసినా నిలిచింది. తెర నిండా పచ్చటి మైదానం, టోపీలు పెట్టుకుని ఒకరి మీద ఒకరు పడుతున్న మనుషులు, వాళ్ల చెమట బొట్లు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా. వాడు చానెళ్లు ఒక్కొక్కటి తిప్పి చూపించాడు, ఎన్ని ఉన్నాయో అన్నీ ఉత్తగా. ముఖం వెలిగిపోతోంది.

మా అక్క కాసేపు ఓపిగ్గా చూసింది. తర్వాత కొడుకు చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది: “అంత మంచిగనే ఉన్నది గని బిడ్డా, జెమినీ ఎటు తిప్పితే అస్తది?”