కుక్కుట లింగనిర్ణయము

ముప్పదియేండ్లుగా బాలవ్యాకరణము పాఠము చెప్పుచు, ఏ శబ్దము మహత్తో ఏది అమహత్తో నిద్రలో నడిగినను తడబడక చెప్పగలిగిన నేను, మా పెరటిలో నూకలకై పరుగులిడు తొమ్మిది కోడిపిల్లల యెదుట మాత్రము నోరు మెదపలేకపోతిని. పశుపక్ష్యాదుల నాడుమగ యెంచక అమహత్తులలో జేర్చి 'అది' యని తేల్చివైచిన చిన్నయసూరిగారి దూరదృష్టి నాకప్పటికి గాని బోధపడలేదు. వారి పెరటిలో కోళ్ళుండెనని యెవ్వరును వ్రాయలేదు. నా యనుమానము నాకున్నది.

పొదుగునకు గూర్చున్న నల్లపెట్ట క్రింద 11 గ్రుడ్లుంచగా, 21వ దినమున తొమ్మిది పిల్లలు వెలువడినవి. నా శ్రీమతి వానిని జూచి మురియుటకైన నాగక, "ఏమండీ, వీటిలో పెట్టలెన్ని?" అని యడిగినది. గ్రుడ్ల లెక్క ఆమెది. పలావు లెక్క మా బావమరిదిది.

ఇంట పనిచేయు ముసలవ్వ ఒక పిల్లను కాళ్ళుపట్టి తలక్రిందుగా వ్రేలాడదీసి, తల పైకెత్తిన పుంజనియు, వ్రేలవైచిన పెట్టయనియు తీర్పు చెప్పినది. ఆ తీర్పు ననుసరించి ఉదయము పెట్టయైన పిల్లయే సాయంకాలమునకు పుంజయ్యెను. ఇదేమని యడుగగా, "పొద్దున్న నీరసంగా ఉందేమో బాబుగారూ" అన్నది.

ఇక గ్రంథములే శరణమనుకొంటిని. జపాను దేశమున మసుయి, హషిమోటో అను పండితులు పిల్ల గ్రుడ్డు వెడలిన దినముననే దాని మలద్వారము నొత్తి, లోపలి సూక్ష్మమైన బుడిపెను బట్టి ఆడుమగ నిర్ణయించు విద్యను సాధించిరట. 1933లో దానిపై ఆంగ్లమున గ్రంథమును వెలువరించిరట. అందారితేరినవారు గంటకు 800 పిల్లలను పరీక్షించి నూటికి 98 సరిగా చెప్పుదురట. నేను ఒక్కదానిని పరీక్షింపబూనితిని. బుడిపె కంటబడక మునుపే ఆ పిల్ల తన యభిప్రాయమును నా కళ్ళజోటిపై విడిచెను. నొక్కునపుడు ముందుగా పెంట వెడలునని, కావున పాత్ర నొకదానిని ప్రక్కన నుంచుకొనవలెనని పిమ్మట తెలిసినది.

ఆ గ్రంథపఠనమున మరియొక రహస్యము చిక్కినది. మనుష్యులలో శిశువు ఆడయో మగయో తేల్చునది తండ్రి బీజము, కోళ్ళలో తల్లిది. ఆడపిల్ల పుట్టెనని కోడలిని దెప్పు అత్తగారు మన యిండ్లలో శాస్త్రము నెరుగనిదే కాని, కోళ్ళగంపలో నామెదే న్యాయము! మా అమ్మ వినకుండ నీ మాట నా శ్రీమతి చెవిని వేసితిని.

తుదకు ఊరి పందెగాడు వచ్చెను. డేగ, కాకి, సేతువ యని రంగు నెంచి, నక్షత్రమును జూచి గెలుపోటములు ముందే చెప్పు గోదావరి తీరపు కుక్కుటశాస్త్రవేత్త యాతడు. పిల్లలను చూచి పెదవి విరిచి, "ఇప్పుడేం తెలుస్తాదండీ? మూడు నెలలు పోనివ్వండి. నడుం మీద ఈకలు మొన తేలితే పుంజు, గుండ్రంగా ఉంటే పెట్ట. ఈలోగా చెప్పినోడు అబద్ధాలకోరండి" అని, కాఫీ త్రాగి వెళ్ళెను.

నా శ్రీమతికి మూడు నెలల యోపిక యెక్కడిది? పాలిపోయిన జుట్టుతో ఒదిగి యొదిగి నడచు నొకదానికి లక్ష్మి యని పేరిడి, దాని తొలిగ్రుడ్డును పొరుగింటి పసివానికి వాగ్దానము చేసినది. తక్కిన వానిలో నాల్గింటికి ఏడవ వారమునకే జుట్టెఱ్ఱబారినను లక్ష్మి లక్ష్మివలెనే యుండెను.

పదునొకండవ వారమున నొకనాటి వేకువను నూతి గిలక కిఱ్ఱున మ్రోగగా, చమురు లేదని యెంచి ఆముదపుగిన్నెతో నూతికడకు పోయితిని. చేద నేలమీదనే యున్నది, గిలక కదలలేదు. నూతివరపై మెడ నిక్కించి, కన్నులు మూసికొని, లక్ష్మి రెండవమారు గొంతు సవరించుకొనుచున్నది.

వెనుక వచ్చి నిలిచిన నా శ్రీమతి దాని వంక కొంతసేపు చూచి, "పేరు మొత్తం మార్చడమెందుకు లెండి, చివర నారాయణ చేర్చండి చాలు" అని పాలచెంబుతో లోనికి పోయినది. తెచ్చిన యాముదమును నేను గిలకకే పోసి వచ్చితిని.