బరువులెత్తిన బాలుని పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
బరువు లెత్తినట్టి బాలుండు గుడ్లను
నాల్గు మింగి, పాలు నడుమ గ్రోలి,
అన్నమింత, పప్పు, నరటిపండొక్కటి,
నీళ్ళు నిండ తాగి నిదురపోవు.

టీక: బరువులు = డంబెల్సు, బార్‌బెల్ మొదలైనవి; ఎత్తినట్టి = ఎత్తి, దించి, తీసినచోటనే పెట్టిన; బాలుండు = జిమ్ముకు పోవువాడు (వయసుతో పని లేదు; అరవై దాటినవారికి ఈ విధి మరీ ముఖ్యం); అన్నమింత = ఆకలికి తగినంత; తక్కినది సులభం.

తాత్పర్యం: అలసిన కండకు మాంసకృత్తులు, తరిగిన గ్లైకోజెన్‌కు పిండిపదార్థం, కారిన చెమటకు నీరు, మరమ్మతుకు నిద్ర కావాలని భావం.

విశేషాలు:

‘మింగి’ అన్నందుకు పచ్చిగుడ్లని భ్రమపడరాదు. 1976 నాటి ‘రాకీ’ సినిమాలో నాయకుడు అయిదు పచ్చిగుడ్లు గటగటా తాగాడు, నిజమే. అయితే పచ్చిగుడ్డు మాంసకృత్తుల్లో ఒంటబట్టేది సుమారు సగం; ఉడికిస్తే పదింట తొమ్మిది పాళ్ళు.

‘నాల్గు’ పాదపూరణం కాదు. గుడ్డుకు 6 గ్రాముల లెక్కన 24 గ్రాముల మాంసకృత్తులు. 70 కిలోలవాడికి ఒక పూటకు చాలు. కండ పెంచదలచిన వాడికి రోజు మొత్తానికి కిలోకు 1.6 గ్రాముల చొప్పున 112 కావాలి. ఇడ్లీకి రెండేసి గ్రాములే కనుక ఇడ్లీలతో ఈ లెక్క తేలదు.

అన్నం, పప్పులకు క్రియ ఏది? ‘తాగి’తోనే అన్వయమని మిక్సీవాదులు. పాలకు, అరటిపండుకు చెల్లుతుంది గానీ ముద్దపప్పు తాగడం లోకవిరుద్ధం. కనుక ‘తిని’ అధ్యాహార్యం.

అరగంటలో తినకుంటే కష్టమంతా వృథా అని షేకరు చేతబట్టిన ముహూర్తవాదుల ఆక్షేపణ. సమాధానం: బరువులెత్తిన కండ ఒక రోజు, అంతకుమించి కూడా మాంసకృత్తులను ఆబగా అందుకుంటుంది. వ్యాయామానికి ముందు భోంచేసినవాడికి తొందర అసలే లేదు. రోజు మొత్తమే ప్రమాణం. ఇంటికి వెళ్ళి స్నానం చేసి కూర్చోవచ్చు.

గుడ్డు తినని వారికి గతి? పెసరట్టు, పనీరు, శనగలు, పెరుగు. మహాబలుడు కోడి రామ్మూర్తి నాయుడు శాకాహారి. కోడి ఇంటిపేరులోనే, విస్తట్లో లేదు.

‘నిండ’ అంటే చెమటగా పోయి తగ్గిన ప్రతి కిలో బరువుకు లీటరుంబావు నుంచి లీటరున్నర, ఒక్క గుక్కలో కాదు. ఇక్కడ ‘నీళ్ళు’ బదులు ‘బీరు’ అని కొందరి పాఠాంతరం. గణం సరిపోయింది గానీ యతి చెడింది. మద్యం కండ కట్టే పనిని మందగింపజేస్తుంది కనుక ఫలమూ చెడింది. ఆ పాఠం త్యాజ్యం.