బొలీవియా పంచదిని: టీకా తాత్పర్య సహితము

డాలస్‌లో ఉంటున్న మా పెద్ద తోడల్లుడుగారు డిసెంబరు సెలవుల్లో సకుటుంబంగా బొలీవియా వెళ్తున్నారు. ఐదు రోజుల ప్రణాళికను ఎక్సెల్‌లో రచించి, గడిగడికీ రంగులద్ది, కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టి, "అందరూ సలహాలు చెప్పండి" అన్నారు. రంగులద్దాక సలహా అడగడం తాళి కట్టాక జాతకాలు చూపించడం లాంటిదని తెలిసినవాళ్లు బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నారు. నేను ఊరుకోలేక టీకకు పూనుకున్నాను. మూలం ఇది:

"1వ రోజు: వేకువన ఎల్ ఆల్టో విమానాశ్రయం. హోటల్. ఎత్తుకు అలవాటుపడుట (2 గం.). సిటీ టూర్, వెనక్కి తిరిగే గడియారం (15 ని.), కేబుల్ కార్. 2వ రోజు: టిటికాకా, కోపకబానా, సూర్యద్వీపం, తిరుగు ప్రయాణం. రాత్రి బస్సు (హోటల్ ఖర్చు మిగులు). 3వ రోజు: ఉయుని ఉప్పు ఎడారి, అద్దం ఫోటోలు, కాక్టస్ దీవి. 4వ రోజు: లగూనా కొలరాదా, వేడి నీటి బుగ్గలు. వీలైతే పొటోసి. 5వ రోజు: విశ్రాంతి. విమానం."

మెదక్ సీమలోని కొలిచెలమవాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. ఆయన కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు కనక ఆ నియమం చెల్లింది. ఎక్సెల్‌కు రాసేవాడికి చెల్లదు. హోటల్, కేబుల్ కార్, సిటీ టూర్ అనేవి ఎవరికైనా తెలిసేవే, వాటిని వదిలేస్తున్నాను.

"ఎత్తుకు అలవాటుపడుట (2 గం.)". గ్రంథం మొత్తానికి ప్రాణం ఇదే. తీసేదీ ఇదే. వాక్యానికి అర్థం కుదరాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలని తార్కికులు. యోగ్యత లేనిదానికి మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఇచ్చిన ఉదాహరణ నిప్పుతో తడపడం. పాఠం చెప్పే పంతుళ్లకు ఇకమీదట కొత్త ఉదాహరణ దొరికింది. లా పాజ్ ఎత్తు 3,600 మీటర్లు, విమానాశ్రయం 4,000 దాటి ఉంది, డాలస్ నూట ముప్పై. లా పాజ్‌లో గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదాంట్లో మూడింట రెండొంతులే. 3,000 దాటాక పడుకునే చోటు ఎత్తును రోజుకు ఐదువందల మీటర్లకు మించి పెంచవద్దని వైద్యులు చెబుతారు. మూలకర్తగారు ఒక్క రాత్రిలో మూడున్నర వేలు పెంచి, బ్రాకెట్లో రెండు గంటలు ప్రసాదించారు.

ఇందులో మోసం ఏమిటంటే, ఆ రెండు గంటలూ నిజంగానే బాగుంటాయి. ఎత్తు తెచ్చే తలనొప్పి, వికారం దిగీదిగగానే రావు, ఆరేడు గంటలు పోనిచ్చి తీరిగ్గా వస్తాయి. కాబట్టి తోడల్లుడుగారు పదింటికి "నాకేం కాలేదు, చూశారా" అని సెల్ఫీ పెడతారు. రాత్రి పదింటికి పెట్టరు. మెస్సీని వెంటబెట్టుకుని మారడోనా శిక్షణలో వచ్చిన అర్జెంటీనా జట్టు 2009 ఏప్రిల్ 1న ఈ ఊళ్లోనే 6-1 తేడాతో ఓడింది. పాపం, వాళ్ల దగ్గర ఎక్సెల్ లేదు. కోకా ఆకుల టీ తాగితే సర్దుకుంటుందని గ్రూపులో ఒకరు అన్నారు. తాగవచ్చు, అక్కడ అది ఇంటింటి పానీయం. ఆకులు మాత్రం సంచీలో వేసుకుని డాలస్‌లో దిగకూడదు.

"వెనక్కి తిరిగే గడియారం (15 ని.)". ఇక్కడ పాఠకులు కాస్త ఓపిక పట్టాలి. మురియో చౌకులో శాసనసభ భవనం నెత్తిన ఉన్న గడియారాన్ని 2014లో తిరగేశారు. అంకెలు ఎడమవైపుకు పెరుగుతాయి, ముళ్లు అటే తిరుగుతాయి. దక్షిణార్ధగోళం వాళ్లం ఉత్తరాదివాళ్ల గడియారం ఎందుకు మోయాలి అన్నది అప్పటి ప్రభుత్వం వాదన. వాదనలో పస ఉంది. గడియారం నీడగడియారానికి బిడ్డ. భూమధ్యరేఖకు ఉత్తరాన శంకువు పాతితే దాని నీడ పొద్దున పడమటికి, మధ్యాహ్నం ఉత్తరానికి, సాయంత్రం తూర్పుకి పడుతుంది. అంటే మనం గుడి చుట్టూ తిరిగే ప్రదక్షిణమే. దక్షిణాన మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది కనక అది అప్రదక్షిణం.

దీనికి పూర్వపక్షం ఉంది. ఈ మాట కర్కట, మకర రేఖలకు అవతల ఉన్నవాళ్లు అంటే ఒప్పుకోవచ్చు. లా పాజ్ పదహారున్నర డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద, రెండు రేఖల నడుమ ఉంది. నవంబరు మొదటి వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఆ ఊరికి దక్షిణంగా పోతాడు. అప్పుడు నడిమధ్యాహ్నపు నీడ మన పద్ధతిలోనే తిరుగుతుంది! ఆ మూడు నెలలూ శాసనసభ గడియారాన్ని మళ్లీ తిరగేయాలి కదా? దీనికి సమాధానం విజయవాడలో దొరుకుతుంది. మన బెజవాడ సరిగ్గా పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా కృష్ణ ఒడ్డున శంకువు పాతితే నడిమధ్యాహ్నపు నీడ దక్షిణంగా పడి అప్రదక్షిణంగా జరుగుతుంది. అయినా దుర్గమ్మ కొండ మీద ఎవరూ ఎండాకాలంలో ఎడమవైపు నుంచి ప్రదక్షిణం మొదలుపెట్టరు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఏది నడిస్తే అదే ధర్మం. కాబట్టి గడియారం నిర్దోషం. తోడల్లుడుగారు వెళ్తున్నది డిసెంబరులో కాబట్టి చౌకులో ఒక కర్ర పాతి, పన్నెండింటికి నీడకూ ముళ్లకూ తగువు పెట్టి చూడవచ్చు. ఇంత సరదాకు కనీసం ఒక పూట కావాలి. ఆయన 15 నిమిషాలు ఇచ్చారు, అందులో ఫోటో ఒకటి.

ఎక్కడ ఉన్నాం? రెండో రోజు. జాముకొక మాట చొప్పున పలికితే వాక్యం కాదని అదే అన్నంభట్టు చెప్పాడు. "ఆవును" అని, ఒక జాము గడిచాక "తీసుకురా" అంటే ఎవరు తెస్తారు? అదే సన్నిధి లోపం. "టిటికాకా" అని, ఒక రాత్రంతా బస్సులో కుదిపి, ఐదువందల కిలోమీటర్ల అవతల "ఉయుని" అంటే యాత్ర ఎలా అవుతుంది? కోపకబానా దారిలో టికీనా జలసంధి దగ్గర బస్సును తెప్ప మీదా మనుషుల్ని వేరే పడవలోనూ దాటిస్తారు. దానికి గడి లేదు. సూర్యద్వీపంలో యుమాని రేవులో దిగితే ఎదురుగా రాతిమెట్లు, ఇంకాల కాలంనాటివి, రెండువందల దాకా ఉంటాయి, అదీ 3,800 మీటర్ల ఎత్తున. వెంట మా అత్తగారు వెళ్తున్నారు. ఆవిడకు డెబ్బై రెండేళ్లు, బీపీ మాత్ర, మోకాళ్లకు పట్టీలు. షీట్ అంతా పైనుంచి కిందికి వెతికాను. ఏ రంగులోనూ ఆవిడ లేరు. డ్రోన్ బ్యాటరీలకు మాత్రం ఒక వరస ఉంది.

మూడో రోజు సంగతి పొట్టిగా. ఉప్పు నేల అద్దం కావాలంటే వానలు పడి నీళ్లు నిలవాలి, నిలిస్తే కాక్టస్ దీవికి చాలాసార్లు బండ్లు పోవు. రెండింట్లో ఏదో ఒకటి దొరుకుతుంది.

"వీలైతే పొటోసి". మీమాంసకులు వికల్పానికి ఎనిమిది దోషాలు చెప్పి, గత్యంతరం లేనప్పుడే ఒప్పుకున్నారు. ఇక్కడ తొమ్మిదోది కూడా ఉంది: లగూనా కొలరాదా ఉయునికి దక్షిణాన, పొటోసి ఈశాన్యాన. ఆ మాట అటుంచండి. 1545లో అక్కడ వెండి బయటపడింది. మీతా అనే వెట్టి కింద ఊళ్లలోని మగవాళ్లలో ఏడో వంతు చొప్పున వంతులవారీగా కొండలోకి తోలారు. ఆ వెండి స్పెయిన్ వర్తకంతో యూరప్ చేరి, అక్కణ్ణుంచి బట్టలకూ మిరియాలకూ మారకంగా మన దేశానికీ వచ్చింది. ఆ కొండలో ఇవాళ్టికీ గనివాళ్లు దిగుతున్నారు, ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ముతో నడివయసులోనే పోతున్నారు. ఇంతటి ఊరికి మూలంలో దక్కింది లేతపసుపు రంగు, "వీలైతే" అనే మాట. నాకు నవ్వు రాలేదు.

శుద్ధ పాఠం సూచిస్తున్నాను. నాలుగువందల మీటర్ల ఎత్తున్న శాంతాక్రూజ్‌లో దిగాలి. అక్కణ్ణుంచి 2,800 మీటర్ల సుక్రేకు విమానం, అక్కడ రెండు రాత్రులు, అత్తగారు నీడన కూర్చునే చౌకు ఉంది. తరవాత రోడ్డు మీద, పగటిపూట పొటోసి ఆగి చూసి, ఉయుని చేరి పడుకోవాలి. ఎడారి ఒక రోజు. తిరుగుదారిలో లా పాజ్, గడియారం, కర్ర. టిటికాకా ఇంకో సెలవుల్లో.

గ్రూపులో పెట్టాను. "సూపర్ తమ్ముడూ, చాలా ఇన్ఫర్మేటివ్" అని తోడల్లుడుగారు జవాబిచ్చారు. సాయంత్రానికి "ఫైనల్ 3" అనే కొత్త ప్రతి వచ్చింది. పాతదంతా యథాతథం, ఐదో రోజు విశ్రాంతి స్థానంలో ఎర్ర గడి: "డెత్ రోడ్, సైకిళ్ల మీద, 4,650 మీటర్ల నుంచి 1,200 దాకా. అత్తయ్యగారు వెనక వ్యానులో."

ఈ సూత్రానికి టీక అక్కర్లేదు. అన్వయం పేరులోనే ఉంది.