ఆసక్తులకో గడి

నల్లగండ్లలో మా పక్క ఫ్లాటు అమ్మాయి ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసరు. మొన్న ఆదివారం లాప్‌టాప్ చంకన పెట్టుకొచ్చింది. "అంకుల్, ప్రొఫైల్లో రీసెర్చ్ ఇంట్రెస్ట్స్ అని ఒక గడి ఉంది. మూడు రాయాలి. ఏం రాయమంటారు?"

నీకేది ఇష్టమో నన్నడిగితే ఎట్లమ్మా అన్నాను.

"ఇష్టం సంగతి కాదంకుల్. స్కోపస్ జాబితా పత్రికల్లో తొందరగా పడేవి చెప్పండి."

కాఫీ చల్లారిపోయింది. మా రోజుల్లో ఆసక్తికి గడి లేదు. మాది పీఎస్ఎం, అంటే ప్రివెంటివ్ అండ్ సోషల్ మెడిసిన్. మమ్మల్ని సర్జన్లు డాక్టర్ల కింద జమకట్టేవాళ్లే కాదు. 1979లో హౌస్ సర్జన్‌గా మునుగోడు వైపు జీపులో వెళ్తే, ఒక పిల్లవాడు బడి మెట్లు పక్కకి తిరిగి దిగుతున్నాడు. మోకాళ్లు రెండూ ఒరుసుకుంటున్నాయి, మడమలు మాత్రం దూరం దూరం. పళ్ల మీద ఇటుకరంగు గీతలు. నా ఆసక్తి ఆ మెట్ల మీద మొదలైంది, ఎవరూ రాయమనలేదు.

తిరిగొచ్చి లైబ్రరీలో ఇండెక్స్ మెడికస్ సంపుటాలు దింపాను. ఒక్కొక్కటీ పిండిరోలంత బరువు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరైడ్ నీళ్లతో వంకరపోయిన ఆ కాళ్ల గురించి 1973లోనే లాన్సెట్‌లో రాశారని అప్పుడు తెలిసింది. ఇతర దేశాల వ్యాసాలు కావాలంటే రీప్రింట్ కార్డు ఉండేది. పోస్టుకార్డు మీద అచ్చేసిన రెండు వాక్యాలు, మధ్యలో ఖాళీలు. వ్యాసం పేరూ, మన పేరూ నింపి పోస్టు చేస్తే రెండు నెలలకి కవరు వచ్చేది. స్టాంపు మా అబ్బాయికి, వ్యాసం నాకు. ఆ వ్యాసం వరసగా రెండుసార్లు చదివేవాణ్ణి, ఎందుకంటే చేతిలో ఉన్నది అదొక్కటే.

మరుసటి ఏడు అదే బడికి సీసాలు పట్టుకెళ్లాను. హెడ్మాస్టరు ఈల ఊదాడు, పిల్లలు వరసకట్టారు, గంటలో డెబ్బై మూత్రం నమూనాలు. అదీ వేగమంటే!

ఇప్పుడో? పొద్దున్నే కాలేజీ ఆవరణలో నిలబడి ఫోనుకి మొహం చూపిస్తే హాజరు. పరిశోధన ఎలా చేయాలో నేర్పే ఆన్‌లైన్ కోర్సొకటి తప్పనిసరి. యూనివర్సిటీల వాళ్లకి 2010లో ఏపీఐ అని పాయింట్ల లెక్క పెట్టారు. సెమినారుకిన్ని, పేపరుకిన్ని, అచ్చం కిరాణాకొట్టు చిట్టా. దొంగ పత్రికలు పుట్టగొడుగుల్లా లేచేసరికి మంచివాటికి యూజీసీ ఒక జాబితా చేసి, 2025లో దాన్నీ ఎత్తేసింది. ఇక పేపర్లంటారా, విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో గూగుల్ ఫారం వేస్తారు, సాయంత్రానికి డేటా రెడీ. మెడికో ఎన్ని గంటలు ఫోను చూస్తాడన్నది ఎన్ని కాలేజీలు తేల్చాయో!

"మీ పేపర్లెన్ని?" వంటింట్లోంచి మా ఆవిడ.

రెండు. ఒకదాని మీద మొదటి పేరు మా పెద్దసారుది, ఆయన దాన్ని చూసింది సంతకం పెట్టేటప్పుడే. మూడోది రాసేలోపు కర్నూలుకి బదిలీ. నా వెనక వచ్చినాయన ఫ్రిజ్‌లో చోటు చాలడం లేదని సీసాలు పారబోయించాడు.

"ఇష్టం ఉంటే చాలంటున్నారు, మన ఎల్లాప్రగడకి లేకనా?" అంది. ఆవిడ బి.ఎడ్. కాలేజీలో లెక్చరరుగా రిటైరైంది, సుబ్బారావు గారంటే ప్రాణం. ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఆయన పేరుతో 1925లోనే వచ్చింది. అయినా హార్వర్డ్ ఆయనకి స్థిరమైన కొలువు ఇవ్వలేదు. 1940లో లెడర్లే మందుల కంపెనీకి వెళ్లాకే ఫోలిక్ యాసిడూ, మెథోట్రెక్సేటూ.

ఆవిడ బాధ ఆవిడది. టీచింగ్ ప్రాక్టీసుకి ఛాత్రోపాధ్యాయుల వెనక బెంచీలో రికార్డు పుస్తకం పట్టుకు కూర్చునేది. వాళ్లు ఫ్లానెల్ బోర్డు మీద కాగితపు మామిడిపళ్లు అంటిస్తుంటే, ఈవిడ చూపు పిల్లల మీద. సంతలో తల్లి పక్కన కూర్చుని చిల్లర తప్పకుండా లెక్కచెప్పే పిల్ల, పలక మీద అదే తీసివేత తప్పేది. ఎందుకలా అని ఒక నోట్‌బుక్ నిండా రాసుకుంది. 1985లో బ్రెజిల్లో రెసిఫే నగరపు పరిశోధకులు సరిగ్గా దానిమీదే పేపరు వేశారు. వీధి అంగళ్లలో పిల్లలు నూటికి 98 లెక్కలు సరిగ్గా చేశారు, అవే పిల్లలు కాగితం మీద ఉత్త అంకెలిస్తే 37.

"నన్నెవరైనా పేపరు అడిగి ఉంటే రాసేదాన్నేమో. రాయకపోయినా జీతం వచ్చింది" అంది ఆవిడ. దానికి నా దగ్గర జవాబు లేదు.

అమ్మాయి కాసేపాగి, "తెల్లాపూర్ సైట్లలో పనిచేసే ఆడవాళ్లు ఎండలో కూడా నీళ్లు తాగరంకుల్. మరుగుదొడ్డి దూరం. ఎంతమందికి మూత్రంలో మంటో అడగాలని ఎప్పట్నుంచో ఉంది" అంది.

అదీ! అది రాయి అని గంతేశాను.

"ఎథిక్స్ కమిటీకి పెట్టాలి. అందరి దగ్గరా సమ్మతి పత్రం, తెలుగులో, హిందీలో, ఒడియాలో. అనుమతి వచ్చేసరికి నెలలు. నా అప్రైజల్ మార్చిలో" అని ఆ గడిలో మెడికోల ఫోన్ల వాడకం మీదే ఏదో టైపు చేసుకుంది.

"మా రోజుల్లో ఈ కమిటీలు..." అని ఎత్తుకున్నాను.

"ఆ ఒక్కటీ గొప్పగా చెప్పుకోకండి" అంది మా ఆవిడ. "ఈల ఊదారన్నారుగా. ఒక్క తల్లినైనా అడిగారా?"