తప్పంతా కండరానిదే!

మన క్రికెట్‌లో ఏం జరిగినా చివరికి చిక్కే దొంగ ఒక్కటే: పక్కటెముకల చాటున నక్కిన కండరం. షెడ్యూలు వేసినవాడు చిక్కడు, హక్కులు అమ్మినవాడు అసలే చిక్కడు. ఐదేళ్ల ఐపీఎల్ ప్రసారాలు 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి. అంత ఖరీదైన సరుకును ఓ కండరం పాడుచేయడమా? దానికి బుద్ధుండొద్దూ!

దాని నేరం చూడండి. కుడిచేతి పేసర్ బంతి వదిలేముందు ఎడమ చెయ్యి ఆకాశానికి లేస్తుంది. ఎడమ పక్క సాగినంత సాగుతుంది, మరుక్షణం నడుము మెలితిరిగి ఒంగుతుంది. ఆ విసురుకి కింది పక్కటెముకల దగ్గర కండరం పుటుక్కుమంటుంది. బౌలర్ పక్క పట్టుకుని నిలబడిపోతాడు. కామెంటరీ బాక్సు పెద్దలు 'చిన్న ఇబ్బందే' అని తేల్చేసి, ప్రకటనలకు దారి ఇస్తారు.

2024 ఐపీఎల్‌లో పేసర్ మయాంక్ యాదవ్ గంటకు 156.7 కిలోమీటర్ల వేగంతో బంతి విసిరితే దేశమంతా ఈల వేసింది. ఏప్రిల్ 7న ఒక్క ఓవర్ వేసి వెళ్లిపోయాడు. 30న మళ్లీ దించారు. నాలుగో ఓవర్లో ఒక్క బంతి వేసి మళ్లీ వెళ్లిపోయాడు. ఇరవై మూడు రోజులిచ్చినా అతుక్కోని కండరానికి నోటీసు ఎందుకివ్వలేదో!

మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఆస్ట్రేలియాలో ఐదు టెస్టులూ ఆడాడు, మెల్‌బోర్న్‌లో 114 కొట్టాడు. 2025 జనవరి 5న సిడ్నీలో ఆఖరి టెస్టు ముగిసింది. 22న కోల్‌కతాలో టీ20. మధ్యలో సంక్రాంతి కూడా కలిసొచ్చింది, ఇంకేం కావాలి? చెన్నై ప్రాక్టీసులో పక్క పట్టేసింది, అతనికి సిరీస్ పోయింది. ఆ విరామంలోనే తిరుమల మెట్లు మోకాళ్లతో ఎక్కాడు కనుక, అవసరమైతే నేరాన్ని ఏడుకొండలవాడి మీదికీ నెట్టొచ్చు.

2021లో సిడ్నీలో బుమ్రా పొట్ట కండరం దెబ్బతింటే, బ్రిస్బేన్‌లో మన హైదరాబాదీ సిరాజ్ రెండో ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీశాడు. గెలిచాం. గొప్ప గెలుపే, కాదనను. కానీ పెద్దలు అందులోంచి నేర్చుకున్నది ఒక్కటే: ఒకడు పడితే ఇంకొకడున్నాడు.

మళ్లీ మయాంక్ దగ్గరికొస్తే, 2024 చివర్లో అతని ఐపీఎల్ జట్టు అతణ్ని 11 కోట్లకు అట్టిపెట్టుకుంది. ఇక సోఫాలోంచి ఓ అభిమాని గర్జన: 'అన్ని కోట్లు తీసుకుని నాలుగోవర్లు వేయలేడా?' అయ్యా, ముందు తమరు కింద పడ్డ రిమోట్‌ను పక్కకి ఒంగి అందుకోండి, చూద్దాం.